చెఱువునకు ఎగువనున్న నేల

ఊరికి చెఱువు తల్లివంటిదని మన పెద్దలు చెప్పుచుందురు. తల్లి ఆరోగ్యముగా నుండినఁగాని బిడ్డకు ఆరోగ్యముండదు. అయినను మనలో పెక్కురు చెఱువు నిండినదా, ఎండినదా యని మాత్రమే విచారింతురు గాని, నిండిన నీరు ఎట్టిదని విచారింపరు. నీటి పరిమాణమును గుఱించి సభలలో చర్చలు జరుగుచున్నవి. నీటి గుణమును గుఱించి మాటాడువారు అరుదు. ప్రజల ధనముతో జరుగు జలకార్యములలో ఈ లోపము ఎంత హానికరమో చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మన మల్లాపూరు మండలము జగిత్యాల జిల్లాలో గోదావరికి దక్షిణపు గట్టున నున్నది. నదికి ఎగువన శ్రీరామసాగరము, దిగువన ధర్మపురి క్షేత్రము, ఇంకను దిగువన ఎల్లంపల్లి జలాశయము కలవు. ఈ ప్రాంతపు పొలములలో పసుపు, మక్కజొన్న, వరి, చెఱకు పండుచుండును. వానకాలమున మన గుట్టలపైనను చేలపైనను కురిసిన నీరు ఒర్రెలుగా, వాగులుగా పాఱి, కుంటలలోను చెఱువులలోను నిలిచి, మత్తడి దూఁకి, తుదకు గోదావరిలో కలియును. 2015వ సంవత్సరము చివరినుండి ఎల్లంపల్లి జలాశయపు నీరు హైదరాబాదు నగరమునకు త్రాగుటకై పోవుచున్నది. కాఁబట్టి మన చేలనుండి కొట్టుకొనిపోయిన మట్టియు, మందును, మన వీధులనుండి పోయిన మురుగును మన పొలిమేరతో ఆగునవి కావు. వానినుండి నీటిని శుద్ధి చేయు భారము మన ముఖమెఱుగని వారిపైఁ బడుచున్నది.

వాన నీటిని ఒక చెఱువునకు అందించు భూమినంతటిని పరీవాహక ప్రదేశమందురు. చెఱువునకు కట్ట యెంత ముఖ్యమో ఈ నేలయు నంత ముఖ్యమని మన పూర్వులు గ్రహించిరి. కాకతీయుల కాలమున గొలుసుకట్టు చెఱువులు వెలసినవి. పై చెఱువు మత్తడినుండి పొర్లిన నీరు క్రింది చెఱువునకు చేరును. పై చెఱువు నీరు చెడినచో ఆ చెడుగు క్రింది చెఱువునకును దిగును. 1369వ సంవత్సరమున విజయనగర రాజకుమారుఁడు భాస్కరుఁడు కడప సీమలోని పోరుమామిళ్లలో వేయించిన శాసనము చెఱువునకు పండ్రెండు సాధనములను, ఆఱు దోషములను చెప్పుచున్నది. తియ్యని నీరుగల యేఱు అందు సాధనములలో నొకటి. చవుడునేల దోషములలో నొకటి. ఆఱువందల యేండ్లకు పూర్వమే కట్ట కట్టువారు నీటి రుచిని, నేల స్వభావమును పరీక్షించిరని దీనివలన తెలియుచున్నది.

ఇఁక మన కాలమునకు వత్తము. 2015వ సంవత్సరము మార్చి 12వ తేదీన సదాశివనగరమున మిషన్ కాకతీయ ప్రారంభింపఁబడెను. తెలంగాణమునందలి 46 వేలకు పైగా చెఱువులను కుంటలను బాగుచేయుట దాని లక్ష్యము. పూడిక త్రవ్వించు ఖర్చు ప్రభుత్వము భరించెను. ఆ మట్టిని రైతులు తమ ఖర్చుతో పొలములకు తోలుకొనిరి. మఱుసటి సంవత్సరము ఆగష్టు 7వ తేదీన కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభింపఁబడెను. నదీజలములను శుద్ధిచేసి ఇంటింటికి కొళాయి ద్వారా అందించుట దాని లక్ష్యము. ఫ్లోరైడు బాధకు తరతరములుగా లోనైన నల్లగొండ సీమవారికి ఇది యెంత మేలో చెప్పనక్కఱలేదు. ఈ రెండు కార్యములను కొనియాడుట న్యాయమే.

కాని యొక ప్రశ్న మిగిలియున్నది. ఆ పూడిక ఎక్కడినుండి వచ్చినది? ఎగువ నేలనుండియే కదా! గట్లు తెగిన చేలనుండి, చెట్లు నఱకఁబడిన గుట్టలనుండి ప్రతి వానకును మట్టి దిగుచునే యుండును. శ్రీరామసాగరమును కట్టునప్పుడు దాని నిలువ సామర్థ్యము 112 టీఎంసీలని లెక్కించిరి. తరువాతి సర్వేలో అది సుమారు 90 టీఎంసీలకు తగ్గినట్లు తేలెను. నది తెచ్చిన పూడికయే యింత పని చేసెను. ఎగువను విడిచి చెఱువును మాత్రము త్రవ్వుట, చూరు కారుచుండఁగా ఇల్లు తుడుచుకొనుట వంటిది. ప్రజల ధనము మరల మరల అదే గుంతలో పోయవలసివచ్చును.

మట్టి ఒంటరిగా రాదు. చేలలో చల్లిన భాస్వరపు ఎఱువు మట్టిరేణువులకు అంటుకొని చెఱువు చేరును. నత్రజని నీటిలో కరగి నైట్రేటుగా మాఱి బావులలోనికి ఇంకును. లీటరు త్రాగునీటిలో నైట్రేటు 45 మిల్లీగ్రాములకు మించరాదని భారత ప్రమాణము. మించినచో పసిబిడ్డల రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తి తగ్గును. ఊరి మురుగు కాలువ చెఱువులోనికి విడువఁబడినచో ఈ ఎఱువులకు మలినములు తోడగును. నాచు, గుఱ్ఱపుడెక్క బలిసి, కుళ్లి, నీటిలోని ప్రాణవాయువును హరించును; చేఁపలు చచ్చును. బతుకమ్మను ఏ నీట సాగనంపుదుమో ఆ నీట కాలు పెట్టుటకు జంకవలసివచ్చును.

ఇంటికి కొళాయి నీరు వచ్చిన పిదప ఊరిచెఱువుపై శ్రద్ధ తగ్గుట మఱియొక ప్రమాదము. తాను త్రాగు నీటిని ఎవఁడును చెడగొట్టఁడు. తాను త్రాగనిదానిని గుఱించి అంత జాగ్రత్త పడఁడు. నీరడి తూము కాచి, ఊరివారు కలసి కట్టుకాలువ బాగుచేసికొన్న దినములలో చెఱువు అందఱి కంటిముందుండెను. నేఁడు దానిని చూచు కన్నులు తగ్గినవి.

ఎగువ నేలను కాపాడుట సాధ్యమా యని కొందఱు శంకింతురు. 1908వ సంవత్సరపు మూసీ వఱదకు పిదప మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై హైదరాబాదునకు ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము కట్టఁబడెను. 1996వ సంవత్సరము మార్చి 8వ తేదీన వెలువడిన 111వ ఉత్తరువు ఆ జలాశయముల చుట్టు 10 కిలోమీటర్ల మేర 84 గ్రామములలో కలుషకరమగు కర్మాగారములను, పెద్ద నిర్మాణములను నిషేధించెను. 2000 డిసెంబరులో సుప్రీము కోర్టు ఒక నూనె కర్మాగారమునకు మినహాయింపు నిరాకరించి ఆ రక్షణను నిలిపెను. కాని 2022 ఏప్రిలులో ఆ ఆంక్షలను తొలగించుచు ప్రభుత్వమే మఱియొక ఉత్తరువు వెలువరించెను. కాగితముపై కట్టిన కంచెను కాగితమే తీసివేయఁగలదని దీనివలన తెలియవలయును. అమెరికాలోని న్యూయార్కు నగరము వేఱు మార్గమును త్రొక్కెను. 1997వ సంవత్సరమున ఎగువ కొండలలోని గ్రామములతో ఒడంబడిక చేసికొని, వారి పొలములను, మురుగు ఏర్పాట్లను బాగుచేయుటకు నగరమే ధనమిచ్చెను. కొన్ని వందల కోట్ల డాలర్ల ఖర్చుతో వడపోఁత యంత్రాగారము కట్టుటకంటె ఎగువవారికి తోడ్పడుటయే చౌకయని వారు లెక్కవేసికొనిరి. అచ్చట రైతు శత్రువు కాలేదు, కాపలాదారుఁ డయ్యెను.

మనకును ఇది క్రొత్త మాట కాదు. తెలంగాణమునకే చెందిన ఆర్థికశాస్త్రవేత్త సి. హెచ్. హనుమంతరావుగారి అధ్యక్షతను ఏర్పడిన సంఘము 1994లో చేసిన సూచనలనుబట్టి, సుమారు 500 హెక్టార్ల పరీవాహక ప్రదేశము నొక ప్రమాణముగాఁ గొని, ఊరివారి సంఘముల చేతికే పనిని, ధనమును ఇచ్చు పద్ధతి మఱుసటి సంవత్సరము దేశమున అమలులోనికి వచ్చెను. ధనమును పూర్తిగా లేనిది కాదు. పదునైదవ ఆర్థిక సంఘము 2021-26 సంవత్సరములకు గ్రామ స్థానిక సంస్థల కిచ్చిన నిధులలో నూటికి 60 వంతులు పారిశుద్ధ్యమునకును, త్రాగునీరు, వాననీటి సేకరణ మున్నగువానికిని ప్రత్యేకించెను.

కావున నా మనవి యిది. చెఱువుపై వ్యయించు ప్రతి పనిలోను కొంతభాగము ఎగువ నేలకు తప్పక కేటాయింపవలయును. శిఖము హద్దులకు రాళ్లు నాటి, కట్టుకాలువల కిరుప్రక్కల గడ్డిని చెట్లను పెంచవలయును. గడ్డి మట్టిని పట్టి నీటిని విడుచును. మురుగును ఇంకుడుగుంతలకు మఱల్పవలయును. భూసార పరీక్ష చేయించి తగినంత యెఱువునే, వాన కురియు వేళ కాక, చల్లు రైతునకు ప్రోత్సాహమీయవలయును. వానలకు ముందును వెనుకను నీటిని పరీక్షించి, ఫలితమును పంచాయతి గోడపై వ్రాయవలయును. జలజీవన మిషన్ నియమముల ప్రకారము ప్రతి గ్రామమున ఐదుగురు స్త్రీలకు ఈ పరీక్షలో శిక్షణ యీయవలసియున్నది. ఆ శిక్షణను కొళాయికే పరిమితము చేయక చెఱువునకును వాగునకును వినియోగింపవచ్చును.

తక్కువ యెఱువు వేసిన పంట తగ్గునని రైతు భయపడుట సహజము. అప్పు మోయువాని కిది చిన్న భయము కాదు. ఆ భయమును నీతులతో తీర్పలేము. మోతాదు తగ్గించిన తొలి యేఁటి నష్టమునకు ప్రభుత్వము పూఁచీ పడవలయును. దిగువవారు శుద్ధజలము కోరుదురేని ఎగువవాని భారములో పాలు పంచుకొనుట న్యాయము.

విద్యార్థులారా! సంవత్సరమునకు రెండు మాఱులు మీ యూరి నీటిని పరీక్షించి లెక్క వ్రాయుఁడు. నాయకులు మాఱుదురు, పథకముల పేర్లు మాఱును. పదియేండ్లు విడువక వ్రాసిన లెక్కను కాదనుట ఎవరికిని సాధ్యము కాదు. చెఱువునకు పోయిన కన్నులను మరల తెచ్చుట మీ చేతిలోని పని.