ఒక్కటీ ఓడలేదు, అయినా బయటే

2023 డిసెంబర్ 3, ఆదివారం రాత్రి. మర్నాడు ల్యాబ్ రికార్డు సబ్మిట్ చేయాలి. ఫస్టియర్ హాస్టల్ రూమ్‌లో కూర్చుని గబగబా రాసేస్తున్నాను. పదిన్నర దాటాక మా పెద్దమ్మ కొడుకు వీడియో కాల్ చేశాడు. అన్నయ్య అప్పుడు టాలహాసీలో, ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో ఎం.ఎస్. చదువుతున్నాడు. వాళ్లకి అది మధ్యాహ్నం.

"ఒరేయ్, ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదురా. పదమూడు ఆడితే పదమూడూ గెలిచాం. అయినా తీసుకోలేదు" అన్నాడు. వీసా రిజెక్ట్ అయినవాడి గొంతులా ఉంది.

అమెరికన్ ఫుట్‌బాల్ గురించి అప్పటికి నాకు తెలిసింది సున్నా. హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకుంటారని మాత్రం తెలుసు. ఆ రాత్రి గంటసేపు అన్నయ్య చెప్పాడు, నేను విన్నాను. రికార్డు మిగిలిపోయింది, పిచ్చి అంటుకుంది. ఇప్పుడు ప్రతి నవంబర్‌లోనూ బుధవారం తెల్లవారుజామున లేచి, మొహం కడుక్కోకముందే వాళ్ల ర్యాంకులు చూస్తాను. "మనకి సంబంధం లేని కాలేజీల ర్యాంకులతో నీకేం పనిరా?" అని మా వింగ్‌లో అందరూ అడుగుతారు. వాళ్లకి జవాబు ఒకేసారి ఇక్కడ రాసేస్తున్నాను.

ముందు తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ టాప్ డివిజన్‌లో 130కి పైగా టీములున్నాయి. రెగ్యులర్ సీజన్‌లో ఒక్కో టీమ్ ఆడేది 12 మ్యాచ్‌లే. అవి కూడా ఎక్కువగా తమ గుంపులోని టీములతోనే. ఆ గుంపుని కాన్ఫరెన్స్ అంటారు. డిసెంబర్ మొదట్లో కాన్ఫరెన్స్ ఫైనల్ ఉంటుంది. మన ఐపీఎల్‌లో పది టీములు, తలా 14 మ్యాచ్‌లు, ఒకే పాయింట్స్ టేబుల్. ఎవరు పైన, ఎవరు కింద అన్నది టేబులే చెబుతుంది. అక్కడ 130 టీములకి కలిపి అలాంటి టేబుల్ పెట్టడం కుదరదు. అందుకే ఒక కమిటీ ఉంది. 13 మంది కూర్చుని, సీజన్ చివరి వారాల్లో ప్రతి మంగళవారం టాప్ 25 ప్రకటిస్తారు. ఆఖరి లిస్టుని బట్టి ప్లేఆఫ్‌కి ఎవరు వెళ్లాలో తేలుతుంది. 2014 సీజన్ నుంచి 2023 దాకా నాలుగే సీట్లు. 2024 నుంచి పన్నెండు.

ఇక 2023కి వద్దాం. ఫ్లోరిడా స్టేట్ క్వార్టర్‌బ్యాక్ జోర్డాన్ ట్రావిస్. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి ఎవరికి వెళ్లాలో నిర్ణయించేవాడు, టీమ్‌కి మెదడు లాంటివాడు. నవంబర్ 18న అతని కాలికి పెద్ద గాయమైంది. సీజన్ అక్కడితో అయిపోయింది. అయినా తర్వాతి వారం టీమ్ వెళ్లి, ఆగర్భ శత్రువు ఫ్లోరిడాని వాళ్ల గడ్డ మీదే 24-15తో ఓడించింది. ఆ మంగళవారం, అంటే నవంబర్ 28న, కమిటీ వాళ్లకి 4వ ర్యాంకు ఇచ్చింది. ట్రావిస్ లేడని తెలిసే ఇచ్చింది. డిసెంబర్ 2న కాన్ఫరెన్స్ ఫైనల్. రెండో క్వార్టర్‌బ్యాక్ కూడా అందుబాటులో లేకపోవడంతో మూడోవాడు, ఫ్రెషర్ కుర్రాడు, దిగాడు. లూయిస్‌విల్‌ని 16-6తో ఓడించారు. రికార్డు 13-0.

మర్నాడు లిస్టులో మిషిగన్, వాషింగ్టన్, టెక్సస్, అలబామా. ఫ్లోరిడా స్టేట్ ఐదు. నాలుగులో ఉన్న టీమ్ గెలిచి ఐదుకి దిగింది. 12-1తో ఉన్న అలబామా ఎనిమిది నుంచి నాలుగుకి ఎగిరింది. పెద్ద కాన్ఫరెన్స్‌లో ఓటమి లేని ఛాంపియన్‌ని నాలుగు టీముల ప్లేఆఫ్‌లోంచి బయటపెట్టడం అదే మొదటిసారి.

కమిటీ చెప్పిన కారణం: ట్రావిస్ లేకపోతే అది వేరే టీమ్. వాళ్లు రూల్ తప్పారని నేను అనను. ముఖ్యమైన ఆటగాళ్లు అందుబాటులో లేకపోవడాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. నా గొడవ ఆ నిబంధనతోనే. ఎందుకంటే అక్కడ ప్రశ్న మారిపోతుంది. "ఈ టీమ్ ఏం చేసింది?" అన్న ప్రశ్న పోయి, "ఈ టీమ్ ఇకముందు ఏం చేయగలదు?" అన్న ప్రశ్న వస్తుంది. మొదటిదానికి జవాబు గ్రౌండ్‌లో ఉంది. రెండోదానికి జవాబు 13 మంది ఊహలో ఉంది. ర్యాంకింగ్ అని పేరు పెట్టి జోస్యం చెబుతున్నారన్నమాట.

ఆ జోస్యం ఎంతవరకు నమ్మొచ్చో ఆ కమిటీ మొదటి ఏడాదిలోనే చూడొచ్చు. 2014లో ఒహాయో స్టేట్‌కి సీజన్ మొదలవక ముందే మొదటి క్వార్టర్‌బ్యాక్ గాయపడ్డాడు. నవంబర్ ఆఖరులో రెండోవాడి చీలమండ విరిగింది. మూడోవాడు కార్డేల్ జోన్స్. కాలేజీ కెరీర్‌లో మొదటిసారి స్టార్ట్ చేసింది కాన్ఫరెన్స్ ఫైనల్లోనే. విస్కాన్సిన్ మీద 59-0. కమిటీ నాలుగో సీటు ఇచ్చింది. జోన్స్ టీమ్ సెమీస్‌లో అలబామాని, ఫైనల్లో ఒరెగాన్‌ని 42-20తో ఓడించి కప్పు పట్టుకెళ్లింది. మూడో క్వార్టర్‌బ్యాక్‌తో ఛాంపియన్ అయిన టీమ్ కళ్లెదురుగా ఉంది కదా!

"59-0 ఎక్కడ, 16-6 ఎక్కడ?" అంటారా? నిజమే, చూడముచ్చటగా లేదు. కానీ ప్రత్యర్థిని ఆరు పాయింట్ల దగ్గర ఆపడం కూడా ఆటే. డిఫెన్స్ కూడా టీమ్‌లో భాగమే. ట్రావిస్ స్వయంగా ఏమన్నాడో తెలుసా? నా కాలు సీజన్‌లో ఇంకా ముందే విరిగి ఉంటే బాగుండేది, ఈ టీమ్ అంటే క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే కాదని మీరు చూసేవాళ్లు అని రాశాడు. ఆ మాట చదివాక అన్నయ్య బాధ నాకు సరిగ్గా అర్థమైంది.

ఇంకో వాదన కూడా వినిపిస్తుంది. తర్వాత ఆరెంజ్ బౌల్‌లో ఫ్లోరిడా స్టేట్ జార్జియా చేతిలో 63-3తో చిత్తయింది కాబట్టి కమిటీయే కరెక్ట్ అని. కానీ ప్లేఆఫ్ పోయాక వాళ్ల ముఖ్య ఆటగాళ్లు చాలామంది ఆ మ్యాచ్ ఆడలేదు. ప్రొఫెషనల్ లీగ్ కోసం ఒళ్లు కాపాడుకున్నారు. పరీక్ష రాయనివ్వకుండా హాల్ బయట నిలబెట్టి, తర్వాత ఎప్పుడో స్లిప్ టెస్ట్ పెట్టి, "చూశావా, నీకేమీ రాదు" అనడం లాంటిదే ఇది.

నాకు ఇంత కోపం ఎందుకో ఇప్పుడు చెప్తాను. ఇంటర్ సెకండియర్‌లో నేను టాప్ బ్యాచ్‌లో ఉండేవాణ్ణి. ప్రతి వారం టెస్ట్, ప్రతి వారం నోటీస్ బోర్డ్ మీద ర్యాంక్. అది కూడా ఒక టాప్ 25 లాంటిదే. అక్టోబర్‌లో డెంగీ వచ్చింది. మూడు వారాలు ఇంట్లో ఉన్నాను. తిరిగి వెళ్లేసరికి నా పేరు వేరే సెక్షన్‌లో ఉంది. అంతకుముందు టెస్టుల్లో నా ర్యాంకులు ఎవరూ చెరిపేయలేదు, అవి అలాగే ఉన్నాయి. "నువ్విక అందుకోలేవు నాన్నా, ఆ సీట్ ఇంకొకళ్లకి పనికొస్తుంది" అన్నారు డీన్ సార్. తిట్టలేదు, మెల్లగానే చెప్పారు. ఆయన అంచనా కరెక్టేనేమో. ఆ బ్యాచ్‌లోనే ఉన్నా నాకు జేఈఈలో రాకపోయి ఉండొచ్చు. నాకు తెలియదు. ఆయనకీ తెలియదు. ఇక ఎప్పటికీ ఎవరికీ తెలియదు. అదే నా బాధ. ఓడిపోతే ఏడ్చి, నిద్రపోయి, మర్నాడు మర్చిపోవచ్చు. ఆడనివ్వకపోతే ఏం మర్చిపోవాలో కూడా తెలియదు.

మనకి దగ్గర్లోని ఉదాహరణ కావాలంటే 2024 ఐపీఎల్ చూడండి. ఆర్‌సీబీ మొదటి ఎనిమిది మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటి. అప్పుడు కమిటీని కూర్చోబెడితే ఏమనేది? తర్వాత వరసగా ఆరు గెలిచి, చెన్నైతో సమానంగా 14 పాయింట్లు తెచ్చుకుని, నెట్ రన్‌రేట్‌తో ప్లేఆఫ్‌కి వెళ్లింది. ఎలిమినేటర్‌లో ఓడిపోయింది, అది వేరే సంగతి. వెళ్లనిచ్చారు. టేబుల్‌కి జోస్యం తెలియదు కాబట్టి వెళ్లనిచ్చింది.

అక్కడ కూడా 2024లో తలుపు కాస్త తెరిచారు. పన్నెండు సీట్లు, అందులో ఐదు కాన్ఫరెన్స్ ఛాంపియన్లకి రిజర్వ్. ఏం జరిగిందో చూడండి. నవంబర్ ఆఖరి శనివారం ఒహాయో స్టేట్ సొంత గ్రౌండ్‌లో, ర్యాంకే లేని మిషిగన్ చేతిలో 13-10తో ఓడిపోయింది. ఒహాయో స్టేట్ సునాయాసంగా గెలుస్తుందని చెప్పిన ప్రెడిక్షన్లన్నీ గంగలో కలిశాయి. కమిటీ ఆఖరి లిస్టులో వాళ్ల స్థానం ఆరు. పాత పద్ధతైతే ఇంటికే. కొత్త పద్ధతిలో లోపలికొచ్చి టెనెసీని, నంబర్ వన్ ఒరెగాన్‌ని, టెక్సస్‌ని వరసగా ఓడించారు. ఫైనల్లో నోటర్‌డామ్‌ని 34-23తో ఓడించి ఛాంపియన్లయ్యారు. నోటర్‌డామ్ ర్యాంకు ఐదు. అంటే ఫైనల్ ఆడిన రెండు టీముల్లో ఒక్కటి కూడా కమిటీ టాప్ నాలుగులో లేదు! ఆ 13 మంది తెలివితక్కువవాళ్లని కాదు. ఆట అలాంటిది, అంతే.

"అయితే కమిటీని ఎత్తేయమంటావా?" అని అడగొచ్చు. లేదు. షెడ్యూళ్లు సమానంగా లేనప్పుడు ఎవరి గెలుపు కష్టమైనదో ఎవరో ఒకరు తూచాలి. 2023లో అలబామా వైపు కూడా న్యాయం ఉంది. వరసగా 29 మ్యాచ్‌లు గెలిచిన జార్జియాని కాన్ఫరెన్స్ ఫైనల్లో 27-24తో ఓడించారు. "అలబామా గెలిచిన మ్యాచ్‌లు ఫ్లోరిడా స్టేట్ గెలిచినవాటికన్నా గట్టివి" అని మాత్రమే కమిటీ చెప్పి ఉంటే, నేను వాదించేవాణ్ణి కానీ ఒప్పుకునేవాణ్ణి. అది జరిగిపోయిన ఆటని తూచడం. గాయాన్ని చూసి జరగని ఆటని తూచడం వేరు. నేను అడిగేది ఈ ఒక్క గీతే. గీతకి ఇటువైపు ఎంత చర్చైనా చేసుకోండి. అటువైపుది ఆటగాళ్లకి వదిలేయండి.

పన్నెండు సీట్లతో సమస్య తీరలేదు. నాలుగు-ఐదు దగ్గర ఉన్న గొడవ పన్నెండు-పదమూడు దగ్గరికి జరిగింది. కానీ అక్కడ బయట నిలబడేవాళ్లు ఒకటో రెండో మూడో మ్యాచ్‌లు ఓడినవాళ్లు. పెద్ద కాన్ఫరెన్స్‌లో ఒక్కటీ ఓడని ఛాంపియన్ బయట నిలబడే రోజు మళ్లీ రావడం కష్టం. అంతవరకు సంతోషం.

అన్నయ్య ఎం.ఎస్. అయిపోయి డాలస్‌లో ఉద్యోగంలో చేరాడు. ఇప్పటికీ డిసెంబర్ మొదటి ఆదివారం కాల్ చేస్తాడు. నాకు మాత్రం ఫుట్‌బాల్ కన్నా మన క్యాంపస్సే ఎక్కువ గుర్తొస్తుంది. ఫెస్ట్ టీములు, క్లబ్ పోస్టులు, ప్రాజెక్ట్ బ్యాచ్‌లు మనమూ సెలెక్ట్ చేస్తూనే ఉంటాం. "వాడు ఇప్పుడు ఫామ్‌లో లేడులే", "ఆ అమ్మాయికి రెండు బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి, ఏం చేస్తుందిలే" అని మనలో ఎంతమంది అనలేదు? నేనూ అన్నాను. ఈసారి లిస్టు రాసేటప్పుడు వాళ్లు చేసిందేంటో ఒక్కసారి చూడండి. చేయబోయేది వాళ్లనే చూపించనివ్వండి.