నీటి అడుగున అసలూ, వడ్డీ

పగడం అనగానే మనవాళ్ళకు ముందుగా గుర్తొచ్చేది జాతకంలో కుజుడు, వేలికి ఉంగరం. నవరత్నాలలో ప్రాణుల వల్ల పుట్టేవి రెండే, ముత్యమూ పగడమూ. అయితే నగల దుకాణంలో దొరికే ఎర్ర పగడానికి పేరుపడ్డది మధ్యధరా సముద్రం. మన అండమాన్, లక్షదీవుల చుట్టూ, తూత్తుకుడి, రామనాథపురం తీరాన మన్నారు సింధుశాఖలోనూ ఉన్నవి వేరే జాతులు. అవి దిబ్బలు కట్టే పగడాలు. వాటిని చూడాలంటే నీళ్ళలోకి దిగాలి. ఈ సంచికలో ఆ ముచ్చట్లే.

కిందటి శీతకాలం ఎల్.టి.సి. మీద నేనూ, మా ఆవిడా అండమాన్ వెళ్ళాం. పోర్ట్ బ్లెయిర్‌కు 2024 నుంచి శ్రీ విజయపురం అని పేరు. ఆ ఊరికి దగ్గరలోనే వండూరు. 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ పార్కుకు అక్కడినుంచే పడవలు బయలుదేరతాయి. మేము వెళ్ళింది జాలీ బాయ్ దీవికి. పారేసే ప్లాస్టిక్ సంచీలు, సీసాలు దీవిమీదికి రానివ్వరు.

స్నోర్కెలింగ్ అంటే పెద్ద విద్య ఏమీ కాదు. కళ్ళనూ ముక్కునూ కప్పే అద్దాల మాస్కు, నోట్లో పెట్టుకుని గాలి పీల్చే గొట్టం, ఒంటికి లైఫ్ జాకెట్. ఈత రానివారిని గైడు రబ్బరు చక్రం పట్టించి లాక్కెళతాడు. మొదటి అయిదు నిమిషాలూ ప్రాణం గిలగిల్లాడుతుంది. నోటితో గాలి పీల్చడం అలవాటయ్యాక భయం పోతుంది. నాలాంటి మీసాలరాయుళ్ళకు మాస్కు అంచునుంచి నీళ్ళు కారతాయి, కాస్త వాజిలిన్ రాసుకోవాలి. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు డాక్టరును అడగకుండా దిగవద్దు.

తల నీటిలో పెట్టగానే మరో లోకం. మెదడు మడతల్లాంటి గుండ్రాళ్ళు, దుప్పికొమ్ముల్లాంటి కొమ్మలు. చిలకచేపలు ముక్కులాంటి పళ్ళతో పగడాన్ని కొరికి నమిలి ఇసుకగా విసర్జిస్తాయి. ఒడ్డున మనం ముచ్చటపడే తెల్లని ఇసుకలో వాటి వాటా చాలా ఉంది.

మా పడవ మనిషి తాతగారు శ్రీకాకుళం వైపునుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డారట. మా ఆవిడ అలసిపోయి ఒక గుండుమీద నిలబడబోతే గట్టిగా అరిచాడు. "అమ్మా, కాలెట్టకండి! అది రాయి కాదు, పేణం ఉన్నాది. ఇది సచ్చిపోతే ఇక్కడికెవులొస్తారు? మా పిల్లలకేటి తిండి?"

అతను అన్నది అక్షరాలా నిజం. గుండులా కనిపించేది వేలాది చిన్న జీవుల ఉమ్మడి కుటుంబం. వాటి ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురం ఉంటుంది. తిండీ, రంగూ చాలావరకు దాని చలవే. మామూలు వేసవి వేడికన్నా నీరు ఒక డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే ఆ నాచు వెళ్ళిపోతుంది, పగడం తెల్లబడుతుంది. త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే చస్తుంది. లక్షదీవుల్లో 1998లో, అండమాన్‌లో 2010లో ఇలాగే జరిగింది. 2024లో లక్షదీవుల్లో మళ్ళీ తెల్లబడ్డాయి.

బ్యాంకు వాణ్ణి కనుక లెక్క చెబుతాను. ఇలాంటి గుండు పగడం ఏడాదికి పెరిగేది సుమారు ఒక సెంటీమీటరు. మీటరు ఎత్తున్న గుండు అంటే దాదాపు వందేళ్ళ డిపాజిట్టు. చేపలు, తీరానికి అలల దెబ్బ తగలకుండా కాపు, మన కళ్ళకు విందు, ఇవన్నీ దానిమీద వచ్చే వడ్డీ. మన్నారు సింధుశాఖలో ఒకప్పుడు సున్నానికీ, కట్టడాలకూ పగడాన్ని తవ్వుకుపోయారు. అక్కడి 21 దీవుల్లో రెండు మునిగిపోయాయి. అసలు తినేస్తే జరిగేది అదే.

"అయితే ఎవరూ వెళ్ళకుండా మూసేస్తే సరి కదా?" అన్నాడు మా ఆఫీసు మిత్రుడొకాయన. నేను ఒప్పుకోను. సముద్రాన్ని వేడెక్కిస్తున్నది ఆ పడవ మనిషి కాదు. పగడం బతికి ఉంటేనే తనకు లాభమని తెలిసినవాడే దానికి మంచి కాపలాదారు. కాకపోతే నీరసించిన ఖాతామీద కొత్త భారం వేయకూడదు. జాలీ బాయ్‌నూ, రెడ్ స్కిన్ దీవినీ ఒకే కాలంలో కాక వంతులవారీగా తెరవడంలో ఉన్న తెలివి అదే.

వెళ్ళేవాళ్ళకు నాలుగు మాటలు. డిసెంబరు నుంచి మార్చి వరకు మంచి అదను. ఎండకు క్రీములు పూసుకునే బదులు నిండుచేతుల చొక్కాతో దిగండి. పగడాలకు హాని అని కొన్ని రసాయనాలున్న క్రీముల అమ్మకాన్ని హవాయి దీవుల్లో 2021 నుంచి నిషేధించారు. దేన్నీ ముట్టుకోవద్దు, తొక్కవద్దు. ఒడ్డున పడి ఉన్న చచ్చిన ముక్కయినా సరే, తేవద్దు. దిబ్బలు కట్టే పగడాలకు 2001 నుంచి మన దేశంలో చట్టం రక్షణ ఉంది, పులికి ఉన్నట్టే.

లక్షదీవులు చూసివచ్చిన సభ్యులెవరైనా ఉంటే ఏ ఏడు వెళ్ళారో, పగడాలు ఏ రంగులో కనిపించాయో రాసి పంపండి. పై సంచికలో అందరం చదువుకుందాం.