టెంటు కంటే బాలీ చవకా?

నవంబర్ వచ్చిందంటే పాయింట్ కుక్‌లో మన ఇళ్ళల్లో ఒక చర్చ మొదలవుతుంది. "ఈ సమ్మర్ సెలవలకి ఎక్కడికి వెళ్దాం?" అని మీరు అడుగుతారు. "మా క్లాసులో అందరూ క్యాంపింగ్‌కి వెళ్తున్నారు, మనం ఎందుకు వెళ్ళం?" అని కూడా అడుగుతారు. నాన్న ఫోన్ తీసి చూస్తారు. సముద్రం పక్కన కారవాన్ పార్కులో టెంటు వేసుకోవడానికి ఒక్క రాత్రికి ఎంత అడుగుతున్నారో చూసి కళ్ళు పెద్దవి చేస్తారు. "నేల మీద పడుకోవడానికి ఇంత డబ్బా! దీనికి ఇంకొంచెం కలిపితే బాలీ వెళ్ళి రావచ్చు" అంటారు. అక్కడితో చర్చ ముగుస్తుంది.

నాన్న చెప్పింది నిజమేనా? సగం నిజం. ఆ సగం ఏదో, మిగతా సగం ఏదో చూద్దాం. ఇది నా అభిప్రాయం మాత్రమే. మీరు ఒప్పుకోవాలని ఏమీ లేదు. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోరో తెలుగులో చెప్పండి, నాకు అదే చాలు.

ముందు నాన్న వైపు మాట్లాడదాం. క్రిస్మస్ నుంచి జనవరి చివరి దాకా విక్టోరియాలో స్కూళ్ళన్నిటికీ ఒకేసారి సెలవలు. అందరికీ కావాల్సింది అదే సముద్రం, అదే వారం. టార్కీ, ఆంగ్లెసీ, లోర్న్ లాంటి ఊళ్ళలో ఖాళీ స్థలం పెరగదు కదా! అందుకని అద్దె పెరుగుతుంది. ఒక్క రాత్రికి ఇవ్వం, కనీసం ఇన్ని రాత్రులు తీసుకోవాలి అని షరతు కూడా పెడతారు. ఇంకో సంగతి, ఈ దేశంలో మనిషి పనికి విలువ ఎక్కువ. 2025 జూలైలో ఇక్కడ కనీస వేతనం గంటకి 24.95 డాలర్లు అయింది. టాయిలెట్లు కడిగేవాళ్ళకీ, గడ్డి కోసేవాళ్ళకీ అంతకు తక్కువ ఇవ్వకూడదు. అది మంచి చట్టం. కానీ ఆ ఖర్చు మన బిల్లులోకే వస్తుంది.

కోవిడ్ రోజులు మీలో కొంతమందికి గుర్తుండకపోవచ్చు, అప్పటికి మీరు చాలా చిన్నవాళ్ళు. 2020, 2021 సంవత్సరాల్లో మెల్‌బోర్న్ మొత్తం 262 రోజులు లాక్‌డౌన్‌లో ఉంది. 2021 నవంబర్ దాకా మామూలు మనుషులు దేశం దాటి వెళ్ళడానికే వీల్లేదు. బాలీ లేదు, హైదరాబాద్ లేదు. తలుపులు తెరిచిన ప్రతిసారీ జనం టెంట్లూ కారవాన్లూ కొనుక్కుని సొంత రాష్ట్రం మీద పడ్డారు. ఆ అలవాటు చాలామందికి ఇంకా పోలేదు.

ఇప్పుడు బాలీ సంగతి. మెల్‌బోర్న్ నుంచి విమానంలో దాదాపు ఆరు గంటలు. అక్కడ హోటల్, భోజనం, టాక్సీ అన్నీ మన డాలర్లకి చవగ్గానే ఉంటాయి. ఎందుకు చవక? అక్కడ గది తుడిచే అక్కకి వచ్చే జీతం ఇక్కడి జీతంలో చిన్న ముక్క కాబట్టి. బాలీ వెళ్ళొద్దని నేను అనట్లేదు. వెళ్ళినప్పుడు ఆ అక్కతో మర్యాదగా మాట్లాడండి, బేరం మరీ లాగకండి.

కానీ టికెట్టు ధర ఒక్కటే చూసి "చవక" అనేస్తే ఎలా? నోట్‌బుక్ తీయండి, లెక్క వేద్దాం. ఇంట్లో నలుగురు అనుకుందాం: అమ్మ, నాన్న, 13 ఏళ్ళ అక్క, 9 ఏళ్ళ తమ్ముడు. నలుగురికీ కొత్త ఆస్ట్రేలియా పాస్‌పోర్టులు కావాలి. 2025లో పెద్దవాళ్ళ పాస్‌పోర్టు 412 డాలర్లు, పిల్లలది 208. మొత్తం 1,240 డాలర్లు. దేశం దాటి వెళ్ళే ప్రతి మనిషి మీదా ప్రభుత్వం 70 డాలర్లు వసూలు చేస్తుంది. అది టికెట్టులోనే కలిసిపోయి ఉంటుంది కాబట్టి మనకి కనిపించదు. పన్నెండేళ్ళలోపు పిల్లలకి మినహాయింపు. అంటే ముగ్గురికి 210. బాలీలో దిగాక ఒక్కొక్కరికీ వీసాకి 5 లక్షల రుపియాలు, 2024 ఫిబ్రవరి నుంచి పెట్టిన పర్యాటక రుసుము ఇంకో లక్షా యాభై వేలు. నలుగురికి 26 లక్షల రుపియాలు! కంగారు పడకండి, మన లెక్కలో అది సుమారు 250 డాలర్లే. అన్నీ కలిపితే దాదాపు 1,700 డాలర్లు. ఇంకా విమానం టికెట్టు కొనలేదు, హోటల్ గది తీసుకోలేదు.

"ఆగండి, మా దగ్గర పాస్‌పోర్టులు ముందే ఉన్నాయి కదా" అంటారు మీరు. సరిగ్గా అక్కడే ఉంది అసలు కిటుకు.

మన ఇళ్ళల్లో పాస్‌పోర్టులు ఎందుకు ఉన్నాయి? అమ్మమ్మని, తాతయ్యని చూడ్డానికి ఎలాగూ ఇండియా వెళ్ళాలి కాబట్టి. పెద్ద సూట్‌కేసులు ఉన్నాయి. వాటిని తూచే కాటా ఉంది. ఏ ఎయిర్‌లైన్స్ ఎన్ని కిలోలు ఇస్తుందో అమ్మకి నోటికి వచ్చు. అంటే విమానం ఎక్కడానికి కావాల్సిన సరంజామా అంతా మన ఇంట్లో ముందే ఉంది. సరంజామా అంటే ఒక పనికి కావాల్సిన సామాను మొత్తం. అందుకే మనకి బాలీ చవగ్గా కనిపిస్తుంది.

ఇక్కడే మూడు తరాలుగా ఉంటున్న పక్కింటి వాళ్ళ గ్యారేజ్ చూడండి. టెంటు ఉంటుంది. నాలుగు స్లీపింగ్ బ్యాగులు, గ్యాస్ స్టవ్, ఎస్కీ, మడత కుర్చీలు, లాంతర్లు ఉంటాయి. వాటిలో కొన్ని వాళ్ళ తాతగారివి. టెంటు ఏ వైపు తిప్పి వేస్తే గాలి కొట్టదో, వర్షం వస్తే ఏం చేయాలో వాళ్ళ నాన్న వాళ్ళకి చెప్పారు. వాళ్ళు క్యాంపింగ్‌కి వెళ్ళాలంటే పెట్రోలూ, స్థలం అద్దే ఖర్చు. మనం వెళ్ళాలంటే ముందు అవన్నీ కొనాలి. చవక రకం చూసుకున్నా నలుగురికి వెయ్యి డాలర్ల దాకా సులభంగా పోతుంది. శని, ఆదివారాల కోసం రెండు రాత్రులు వెళ్ళొచ్చి ఆ టెంటుని గ్యారేజ్‌లో పడేస్తే రాత్రికి 500 డాలర్లు పడినట్టు. అదే టెంటుతో పదిసార్లు వెళ్తే? ఇరవై రాత్రులు, రాత్రికి 50. టెంటూ పాస్‌పోర్టూ ఒకే రకం వస్తువులు. ఒకసారి కొంటాం, చాలాసార్లు వాడతాం. పాస్‌పోర్టు ఖర్చుని మర్చిపోయి టెంటు ఖర్చుని మాత్రం గుర్తుపెట్టుకుంటే ఆ లెక్క తప్పు.

కాబట్టి "క్యాంపింగ్ ఖరీదు, బాలీ చవక" అనే మాటని నేను ఇలా తిరగరాస్తాను: ఏ ఇంట్లో ఏ సరంజామా ముందే ఉందో ఆ ఇంటికి ఆ సెలవు చవక.

అయితే అయింది, బాలీయే వెళ్దాం అనొచ్చు కదా? అనొచ్చు. కానీ నాకు ఒక బాధ ఉంది. మీరు పుట్టింది ఇక్కడ. పాయింట్ కుక్ నుంచి పడమటి వైపు చూస్తే యూ యాంగ్స్ కొండలు కనిపిస్తాయి. వాటి వెనక ఏముందో మీలో ఎంతమందికి తెలుసు? హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో ఇడ్లీ ఎక్కడ దొరుకుతుందో తెలిసిన పిల్లలకి, గంట దూరంలో ఉన్న బ్రిస్బేన్ రేంజెస్ అడవిలో కోయిలాలు ఉంటాయని తెలియదు. (కోయిలా అంటే కోయిల కాదు, కోఆలా! మన తాతయ్యలు అలాగే పలుకుతారు, నాకు అది ఇష్టం.) పుట్టిన ఊరి చుట్టూ ఉన్న నేల టెంటు వారసత్వంగా వచ్చిన పిల్లలకే తెలిస్తే, మీరు సొంత ఊళ్ళోనే చుట్టపుచూపుగా వచ్చినట్టు ఉంటుంది.

"మనవాళ్ళకి ఇవన్నీ అలవాటు లేవు" అని పెద్దవాళ్ళు అంటారు. ఈ మాట మాత్రం నేను అస్సలు ఒప్పుకోను. తెలంగాణలో ములుగు జిల్లాలో మేడారం అనే ఊరు ఉంది. అక్కడ రెండేళ్ళకి ఒకసారి సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగింది. లక్షల మంది వస్తారు. అంతమందికి హోటళ్ళు ఎక్కడివి? చెట్ల కింద గుడారాలు వేసుకుంటారు. గుడారం అంటే టెంటే. నాలుగు కర్రలు పాతి, మీద పట్టా కప్పి, మూడు రాళ్ళు పెట్టి వంట చేసుకుంటారు. జంపన్న వాగులో స్నానం. అమ్మవార్లకి బెల్లం ఇస్తారు, దాన్ని అక్కడ "బంగారం" అంటారు. ఒకప్పుడు కుటుంబం మొత్తం ఎడ్లబండ్లు కట్టుకుని, దారిలో రాత్రుళ్ళు ఆగుతూ వెళ్ళేవాళ్ళు. ఎడ్లబండి అంటే ఎద్దులు లాగే కారవాన్ అనుకోండి. కార్తీక మాసంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలు మీ అమ్మకి తెలుసు, అడగండి. మనకి అలవాటు లేకపోవడం కాదు, విమానంలో వచ్చేటప్పుడు ఆ అలవాటుని 23 కిలోల్లో సర్దలేకపోయాం.

డబ్బు కంటే కష్టమైంది ఇంకోటి ఉంది, సెలవు. ఇక్కడ పూర్తిస్థాయి ఉద్యోగం చేసేవాళ్ళకి చట్టం ప్రకారం ఏడాదికి నాలుగు వారాల జీతంతో సెలవు వస్తుంది. ఇండియా వెళ్తే ఆ నాలుగు వారాలూ అక్కడే అయిపోతాయి. రెండు పెళ్ళిళ్ళు, బ్యాంకు పని, డెంటిస్టు, సంక్రాంతి. అది సెలవు కాదు, ఇంకో ఉద్యోగం. కానీ వెళ్ళాల్సిందే, అమ్మమ్మ ఎదురుచూస్తుంది. అలాంటి ఇంట్లో క్రిస్మస్‌కి వారం రోజుల కారవాన్ పార్కు గురించి మాట్లాడటం అనవసరం. శని, ఆదివారాలకి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. క్యాంపింగ్ బాగా కుదిరేది ఆ రెండు రోజుల్లోనే.

పైగా కారవాన్ పార్కు వేరు, ప్రభుత్వ పార్కుల్లో ఉండే క్యాంపు స్థలం వేరు. చాలామంది పెద్దవాళ్ళు ఈ రెండూ ఒకటే అనుకుంటారు. మొదటిదానిలో స్విమ్మింగ్ పూల్, కరెంటు, జంపింగ్ పిల్లో అన్నీ ఉంటాయి, వాటికే డబ్బు. పార్క్స్ విక్టోరియా నడిపే అడవి క్యాంపుల్లో చాలాచోట్ల ఒక టాయిలెట్, చదును చేసిన నేల, అంతే. అద్దె కూడా అలాగే తక్కువ. విల్సన్స్ ప్రొమాంటరీలో టైడల్ రివర్ లాంటి పేరున్న చోట పీక్ సమ్మర్‌కి లాటరీ తీసి స్థలాలు ఇస్తారు. దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఈ ప్రభుత్వ స్థలాల విషయంలో విక్టోరియాలో ఒక విచిత్రం జరిగింది. జీవన వ్యయం పెరిగిపోయిందని, 2024 డిసెంబర్ 1 నుంచి 2025 జూన్ 30 దాకా పార్క్స్ విక్టోరియా 131 క్యాంపుల్లో ఫీజు పూర్తిగా తీసేసింది. సున్నా డాలర్లు! బాగుంది కదా? స్థలాలన్నీ బుక్ అయిపోయాయి. తీరా అక్కడికి వెళ్ళి చూస్తే చాలా స్థలాలు ఖాళీ. డబ్బు పోయేది ఏమీ లేదు కాబట్టి, వెళ్తామో లేదో తెలియకుండానే జనం బుక్ చేసి పెట్టుకున్నారు. రాలేనప్పుడు క్యాన్సిల్ చేయలేదు. నిజంగా వెళ్దామనుకున్న వాళ్ళకి వెబ్‌సైట్‌లో "ఫుల్" అని కనిపించింది.

మన ఊళ్ళలో ఆర్టీసీ బస్సు రాగానే కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేసేవాళ్ళు. కర్చీఫ్ ఉంటే ఆ సీటు వాళ్ళదే. మీ నాన్న కూడా వేసే ఉంటారు, అడగండి. కానీ కర్చీఫ్ వేసినవాడు కనీసం బస్సు ఎక్కేవాడు! ఇక్కడ కర్చీఫ్ వేసి ఇంట్లో పడుకున్నారు.

2025 జూలై నుంచి ఫీజు మళ్ళీ పెట్టారు, పాత ధరలో సగం. నాకు ఇదే మంచిది అనిపిస్తుంది. ఇంకా బాగా చేయాలంటే, బుక్ చేసేటప్పుడు కొంచెం డిపాజిట్ తీసుకుని, వచ్చినవాళ్ళకి మొత్తం తిరిగి ఇచ్చేయాలి. చవగ్గా ఉండాలి, కానీ కర్చీఫ్‌కి కూడా ఎంతో కొంత ధర ఉండాలి. ఉచితంగా ఇస్తే ఏమవుతుంది? ముందుగా తెలిసినవాళ్ళు, వెబ్‌సైట్ వేగంగా నొక్కగలిగినవాళ్ళు మొత్తం పట్టుకుపోతారు. మొదటిసారి వెళ్దామనుకునే మనలాంటి ఇళ్ళు మళ్ళీ వరుసలో చివరే.

ఇక సామాను సంగతి. ఊళ్ళో పెళ్ళికి పెద్ద గుండిగలు ఎవరూ కొనరు, అడిగి తెచ్చుకుంటారు. ఐదు కుటుంబాలు కలిసి ఒక టెంటు, దాని సామాను కొంటే ఇంటికి 200 డాలర్లు. ఒక్కో వారం ఒక్కో ఇల్లు వాడుకోవచ్చు. ఎవరి గ్యారేజ్‌లో పెట్టాలి అనే దగ్గర గొడవ వస్తుంది, అది పెద్దవాళ్ళకి వదిలేయండి.

ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో ఒక మామూలు శనివారం చూడండి. లేబర్ డే లాంగ్ వీకెండ్ మాత్రం వద్దు, అది కూడా క్రిస్మస్ లాంటిదే. మంచినీళ్ళు ఇంటి నుంచే తీసుకెళ్ళండి. ఆ రోజు టోటల్ ఫైర్ బ్యాన్ ఉందేమో ముందే చూసుకోండి, ఉంటే క్యాంప్ ఫైర్ కుదరదు. పులిహోర ఉంటే మొదటి రాత్రి స్టవ్ వెలిగించే పనే లేదు. కుర్చీలు మాత్రం నాలుగు కాదు, ఆరు అడిగి తెచ్చుకోండి. అమ్మమ్మ, తాతయ్య అప్పటికి ఇక్కడే ఉంటే వాళ్ళు కింద కూర్చోలేరు. చీకటి పడ్డాక ఎడ్లబండి ఎక్కి జాతరకి వెళ్ళారా అని వాళ్ళని అడగండి. టెంటు తాడు ఏ ముడి వేస్తే జారదో కూడా తాతయ్యకే తెలిసి ఉండొచ్చు.