వా పెడల్ మోడ్: ముందు పాట్, తర్వాతే ఫాసెల్

వా పెడల్ మోడ్ అనగానే అందరూ ఫాసెల్ ఇండక్టర్ కొనమంటారు. ఉద్దానం ఉప్పుగాలిలో వాయించే నేనైతే ముందు పాట్ మార్చమంటాను. టెక్కలిలో ప్రోగ్రామ్ మధ్యలో పెడల్ తొక్కగానే గరగరమంటే ఏ ఇండక్టరూ కాపాడదు. 100కె సీల్డ్ వా పాటే వేయండి. పలాసలో రేడియో రిపేర్ షాపువాడు ఇచ్చే మామూలు వాల్యూమ్ పాట్ వద్దు, దాని టేపర్ వేరు, ‘వా’ అంతా ఒక మూలకే పోతుంది.

సౌండ్ కూడా మార్చాలా? క్రై బేబీ జీసీబీ95లో 0.01 మైక్రోఫారడ్ స్వీప్ కెపాసిటర్ తీసి 0.015 పెడితే స్వీప్ కిందికి దిగుతుంది. ఇండక్టర్ పక్కన 33కె రెసిస్టర్‌ని 47కె చేస్తే మనిషి గొంతులా పలుకుతుంది. నాకు ఇదే ఎక్కువ నచ్చింది. రెండూ కలిపినా టీ, టిఫిన్ ఖర్చే. సోల్డరింగ్‌కి ముందు బ్యాటరీ తీసేయండి. ఫాసెల్ సంగతి తర్వాత చూద్దాం.