లాగగలదు సరే, మోయగలదా?

అమెరికాలో పికప్ ట్రక్కు ఉన్నవాళ్లు ట్రావెల్ ట్రైలర్ కొనబోతే, డీలరు దగ్గరా స్నేహితుల దగ్గరా వినిపించే సూత్రం ఒకటే: ట్రక్కు టోయింగ్ కెపాసిటీ చూడు, ట్రైలర్ బరువు చూడు, రెండోది మొదటిదానికంటే తక్కువుంటే నిశ్చింతగా కొనుక్కో. డాలస్‌లోనో అట్లాంటాలోనో స్థిరపడి, పిల్లల వేసవి సెలవుల్లో సొంత ట్రైలర్‌తో ఎల్లోస్టోన్ దాకా వెళ్లిరావాలని ఆశపడే తెలుగు కుటుంబానికీ ఇదే సలహా అందుతుంది. వినడానికి లెక్కలా ఉంటుంది గనుక ఎవరికైనా నమ్మకం కలుగుతుంది. కానీ ఈ సూత్రం తప్పు. అసలు చూడాల్సిన అంకె మీద నుంచి మన చూపు మళ్లించే తప్పు. మామూలు ఫ్యామిలీ ట్రక్కుకు ఉన్న హద్దులన్నిటిలో టోయింగ్ కెపాసిటీ చిట్టచివరిది. బండి అక్కడిదాకా వెళ్లకముందే దాని మోసే శక్తి, అంటే పేలోడ్, అయిపోతుంది. కాబట్టి పేలోడ్‌తో మొదలుపెట్టి వెనక్కి లెక్కవేసుకుంటూ వచ్చి ట్రైలర్‌ను ఎంచుకోవాలి.

బ్రోషర్‌లోని పెద్ద అంకె అబద్ధమని నా వాదన కాదు. ఒకప్పుడు ప్రతి కంపెనీ తనకు తోచిన పద్ధతిలో పరీక్షించుకుని తన అంకె తానే ప్రకటించుకునేది. 2008లో ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ, జె2807 అనే ఉమ్మడి ప్రమాణం తెచ్చింది. 2011 మోడల్ టండ్రాతో టొయోటా ముందుగా దాన్ని పాటించి, తన రేటింగును తానే తగ్గించుకుంది. మిగతా పెద్ద కంపెనీలు కొన్నేళ్ల తర్వాత ఆ దారికొచ్చాయి. అందులోని పరీక్షలు గట్టివే. అరిజోనాలో డేవిస్ డ్యామ్ ఎక్కుడు దారి మీద, 100 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిలో, ఏసీ పూర్తిగా పెట్టి, 11 మైళ్ల పైచిలుకు దూరంలో దాదాపు 3,000 అడుగుల ఎత్తు ఎక్కాలి. వేగం గంటకు 40 మైళ్ల కంటే పడిపోకూడదు. ఇంజను, గేర్‌బాక్స్, రేడియేటర్ సత్తా ఎంతో దీంతో తేలిపోతుంది. అయితే ఆ లెక్కలో ట్రక్కులో కూర్చున్నదెవరో చూడండి: ఒక్కొక్కరు 150 పౌండ్ల చొప్పున ఇద్దరంటే ఇద్దరు. అంటే ఒక్కొక్కరు 68 కిలోలు. వెనక సీట్లో పిల్లలు లేరు, వెనక బెడ్‌లో సైకిళ్లు, జనరేటర్ లేవు. ట్రైలర్ ముందుభాగం ట్రక్కు హిచ్ మీద మోపే బరువును టంగ్ వెయిట్ అంటారు. దాన్ని ట్రైలర్ బరువులో 10 శాతంగానే తీసుకుంటారు. పైగా ప్రకటనలో కనిపించే అంకె ఆ మోడల్‌లో అన్నిటికంటే ఎక్కువ లాగే ఇంజను, యాక్సిల్, టో ప్యాకేజీ కలిసిన బండిది. నాలుగు తలుపులు, సన్‌రూఫ్, లెదర్ సీట్లు, ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న కుటుంబ ట్రక్కుకు ఆ అంకె వర్తించదు.

కుటుంబ ట్రక్కు అంకె డ్రైవర్ తలుపు తెరిస్తే కనిపిస్తుంది. తలుపు మూసుకునే అంచు దగ్గర పసుపు, తెలుపు రంగుల్లో ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు ఎప్పుడూ దాటకూడదని దాని మీద రాసి ఉంటుంది. అది మీరు కొన్న ఆ ఒక్క బండికి వేసిన లెక్క. డ్రైవర్ బరువు కూడా అందులోకే వస్తుంది, హిచ్ మీద పడే టంగ్ వెయిట్ కూడా అందులోకే వస్తుంది. హంగులున్న హాఫ్ టన్ ట్రక్కుల్లో, అంటే మామూలు ఫ్యామిలీ పికప్‌లలో, అది 1,500 పౌండ్ల చుట్టుపక్కల ఉండటం మామూలే. ఇప్పుడు తీసివేత మొదలుపెడదాం. తండ్రి 180, తల్లి 150, ఇద్దరు పిల్లలు కలిపి 150: మొత్తం 480. బరువును ముందు ఇరుసుకు పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ దానికదే 90. బెడ్‌లో కూలర్, జనరేటర్, పనిముట్లు, సైకిళ్లు కలిపి 180. మిగిలింది 750. సామాను నిండిన ట్రైలర్ టంగ్ వెయిట్ దాని బరువులో 10 నుంచి 15 శాతం ఉంటుంది. మధ్యన 13 అనుకుంటే, 750 పౌండ్లకు సరిపడే ట్రైలర్ సుమారు 5,770 పౌండ్లది. అదే ట్రక్కు బ్రోషర్‌లో 11,000 అని ఉండవచ్చు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారనుకోండి, మన కుటుంబాల్లో వేసవి ప్రయాణమంటే తరచూ అదే గదా. ఇద్దరూ కలిపి 280 పౌండ్లు వేస్తే మిగిలేది 470, లాగదగిన ట్రైలర్ దాదాపు 3,600 పౌండ్లకు దిగిపోతుంది. పిల్లలకు బంకు పడకలున్న 30 అడుగుల ట్రైలర్ సామానుతో కలిపి తేలిగ్గా 7,300 పౌండ్లు తూగుతుంది. దాని టంగ్ వెయిటే 950 దాకా వస్తుంది. నలుగురే వెళ్లినా ఈ ట్రక్కు మీద 1,700 పౌండ్లు పడ్డట్టు. బ్రోషర్ లెక్కలో మాత్రం ఇంకా 3,700 పౌండ్లు లాగడానికి చోటు మిగిలే ఉంది!

ఆ అదనపు బరువు ఎక్కడ ఏం చేస్తుందో చూద్దాం. హిచ్ బంతి వెనక ఇరుసుకు సుమారు 5 అడుగులు వెనకగా ఉంటుంది, రెండు ఇరుసుల మధ్య దూరం 12 అడుగులు. 950 పౌండ్లు అక్కడ దిగితే, ఏ సర్దుబాటూ లేనప్పుడు, ముందు ఇరుసు మీద నుంచి దాదాపు 400 పౌండ్లు లేచిపోతాయి, వెనక ఇరుసు మీద 1,350 పడతాయి. స్టీరింగ్‌తో తిరిగేవి ఆ ముందు చక్రాలే, బ్రేకుల పనిలో ఎక్కువ వాటా కూడా వాటిదే. పోనీ సామాను వెనక్కి సర్ది టంగ్ వెయిట్ తగ్గిద్దామంటే అది ఇంకా ప్రమాదం. ఎడ్లబండికి బస్తాలు వేసే రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు: బరువు ముందుకు మొగ్గితే కాడి ఎద్దుల మెడల మీద కూర్చుంటుంది, వెనక్కి మొగ్గితే కాడి పైకి లేచి మెడతాళ్లు బిగుసుకుంటాయి. ట్రైలర్ వెనక్కి మొగ్గితే హైవే వేగంలో అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. పక్కనుంచి పెద్ద లారీ దాటినప్పుడు గాలి ఒక్క తోపు తోస్తే చాలు, ఆ ఊపు పెరిగి ట్రక్కు వెనకభాగాన్ని కూడా తనతో పాటు ఈడుస్తుంది. ఇంజనుకు ఎన్ని గుర్రాల బలముంటే మాత్రం ఆ క్షణంలో ఏం ప్రయోజనం?

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం, మేం డ్రై వెయిట్ చూసి జాగ్రత్తగానే కొంటున్నాం కదా అని. డ్రై వెయిట్ అంటే ట్రైలర్ ఫ్యాక్టరీ నుంచి ఖాళీగా బయటికి వచ్చిననాటి బరువు. గాలన్ నీళ్లు 8.3 పౌండ్లు. 40 గాలన్ల ట్యాంకు నింపితే 330 పౌండ్లు చేరినట్టే. బ్యాటరీలు, గిన్నెలు, పరుపులు, బియ్యం, బట్టలు అన్నీ తర్వాత చేరేవే. ఆ ఖాళీ బరువుతో ఎవరూ ఏ ప్రయాణమూ చెయ్యరు. ట్రైలర్ మీద రాసి ఉండే గరిష్ఠ బరువుతో లెక్క వేస్తేనే అది లెక్క. రెండో అభ్యంతరం ఎనభై శాతం నియమం: టోయింగ్ కెపాసిటీలో ఎనభై శాతం దాటకపోతే క్షేమమని. 11,000లో ఎనభై శాతం 8,800. పైన మనం వేసిన లెక్కలో నలుగురు మనుషులతో తేలింది 5,770. సంబంధం లేని అంకెలో ఎంత శాతం తీసుకుంటే ఏం లాభం? మూడోది, హిచ్ ఉంది, వెనక సస్పెన్షన్‌కు ఎయిర్ బ్యాగులు వేయించాం, అవే చూసుకుంటాయని. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ మంచి పనిముట్టే, ముందు చక్రాలకు పోయిన బరువు చాలావరకు తిరిగి ఇస్తుంది, కొంత ట్రైలర్ ఇరుసుల మీదికి కూడా నెడుతుంది. కానీ స్టిక్కర్ మీది అంకె దానివల్ల పెరగదు. ఎయిర్ బ్యాగులు కుంగిన వెనకభాగాన్ని పైకి లేపుతాయి, అంతే. టైర్లు, చక్రాలు, బ్రేకులు, ఇరుసు ముందున్నవే. కుంగు కనబడకుండా పోయింది గనుక బరువు తగ్గిందనుకోవడం ఈ భ్రమల్లోకెల్లా చెడ్డది.

వీటికంటే బలమైన వాదన ఒకటుంది. పదేళ్లుగా ఇలాగే లాగుతున్నవాళ్లు వేలల్లో ఉన్నారు, ఏమీ కాలేదు, కంపెనీలు ఎలాగూ కొంత వెసులుబాటు పెట్టుకునే అంకెలు ఇస్తాయి అంటారు. ఇందులో నిజముంది. 50 పౌండ్లు దాటగానే ఇరుసు విరుగుతుందని ఎవరూ అనరు. కానీ ఆ వెసులుబాటు ఎంతో కొన్నవాడికి తెలియదు. పాతబడ్డ టైరుకు, జూలై ఎండకు, గుంతకు, ముందు కారు ఉన్నట్టుండి ఆగిపోయిన క్షణానికి పనికొస్తుందని దాన్ని అక్కడ ఉంచారు. కొన్నరోజే దాన్ని వాడేసుకుంటే ఆ క్షణానికి ఏమీ మిగలదు. ఏమీ కాని పదేళ్లు చదును దారుల పదేళ్లు కావచ్చు. కొలరాడోలో ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,000 అడుగుల ఎత్తు దాటి ఉంటుంది. ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి 1,000 అడుగులకు ట్రక్కు, ట్రైలర్ మొత్తం బరువు 2 శాతం తగ్గించుకోమని ఫోర్డ్ తన టోయింగ్ గైడులోనే చెబుతుంది. అంటే ఆ పెద్ద అంకె కూడా అక్కడ పెద్దగా ఉండదు. పైకి ఎక్కడం ఒక ఎత్తయితే, ఆ తర్వాత మైళ్ల తరబడి దిగాలి. దిగేటప్పుడు ట్రక్కును వెనక నుంచి తోసేది ట్రైలరే.

చాలా రాష్ట్రాల్లో ఇలాంటి ట్రైలర్ లాగడానికి మామూలు కారు లైసెన్సే చాలు. సొంత విహారానికి వెళ్లే కుటుంబాన్ని ఆపి తూకం వేసే అధికారి దాదాపు ఎక్కడా ఎదురుపడడు. చట్టం అడగనప్పుడు లెక్క వేసుకోవాల్సిన బాధ్యత కొనేవాడి మీదే పడుతుంది. అమ్మేవాడు ఆ పని చేస్తాడని ఎదురుచూడటం అమాయకత్వం. ఇంకా ఎక్కువ మోసే త్రీ క్వార్టర్ టన్ ట్రక్కు కొనే స్తోమత అందరికీ ఉండదు, ఏడాదికి నాలుగు ప్రయాణాల కోసం రోజూ గట్టి సస్పెన్షన్ భరించడం కష్టమే, ఒప్పుకుంటాను. అయితే ట్రక్కును పెంచలేనివాళ్లు ట్రైలర్‌ను తగ్గించుకోవచ్చు. 22 అడుగుల ట్రైలర్‌లోనూ పిల్లలు హాయిగా నిద్రపోతారు. అమ్మానాన్నలు వచ్చిన ఏడాది ట్రైలర్ ఇంటి దగ్గరే ఉంచి, పార్కు దగ్గర క్యాబిన్ అద్దెకు తీసుకోవచ్చు.

ఇప్పటికే కొన్నవాళ్లు ఒకసారి సామానంతా ఎక్కించి, నీళ్లు నింపి, ఇంటిల్లిపాదీ కూర్చుని, హైవే పక్కన ట్రక్ స్టాప్‌లో ఉండే క్యాట్ స్కేల్ మీదికి బండి ఎక్కించండి. ఇరవై డాలర్లలోపే అవుతుంది. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు దేనికది ఎంత మోస్తున్నాయో కాగితం మీద వస్తుంది. ఇంకా కొననివాళ్లు డీలరు బల్ల మీద సంతకం పెట్టే ముందు బయటికి వచ్చి మీ ట్రక్కు తలుపు తెరవండి. స్టిక్కర్ మీది అంకెను ఫోటో తీసుకోండి. ఇంట్లో వాళ్ల బరువులు, హిచ్ బరువు, సామాను బరువు అందులోంచి తీసేయండి. మిగిలినదాన్ని 0.13తో భాగించండి. నచ్చిన ట్రైలర్ గరిష్ఠ బరువు ఆ అంకెకు మించి ఉంటే, డీలరు ఏం చెప్పినా ఆ రోజు సంతకం పెట్టకండి.