అమ్మమ్మల అజ్ఞాతవాసం

1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో స్త్రీలు దేశ్‌ముఖుల, అంటే పెద్ద భూస్వాముల, గూండాలను, నిజాం పక్షాన పోరాడిన రజాకార్లను ఎదిరించారు; 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానంపై భారత ప్రభుత్వం జరిపిన పోలీసు చర్య తర్వాత సైన్యం జరిపిన గాలింపులనూ తట్టుకొని నిలబడ్డారు. చిట్యాల ఐలమ్మ, ఆరుట్ల కమలాదేవి, మల్లు స్వరాజ్యం వంటివారి పేర్లు చరిత్రకెక్కాయి. కానీ దళాలకు, అంటే సాయుధులైన చిన్న చిన్న జట్లకు, అన్నం మోసినవారూ, చీటీలు చేరవేసినవారూ, డెన్‌లలో, అంటే కార్యకర్తలు తలదాచుకొనే రహస్య స్థావరాలలో, ఇరుగుపొరుగుకు అనుమానం రాకుండా మామూలు సంసారంలా ఇల్లు నడిపినవారూ మనవలకు కేవలం అమ్మమ్మలుగా, నానమ్మలుగా మాత్రమే మిగిలారు.

వారి ఈ మౌనం మతిమరుపు వల్ల వచ్చినది కాదు. 1951 అక్టోబరులో పోరాటం విరమించాక ఎందరో స్త్రీలు తిరిగి ఇంటి నాలుగు గోడల మధ్యకే వెళ్లవలసివచ్చింది. మగవారితో కలిసి అడవుల్లో తిరిగివచ్చిన స్త్రీ నడతను లోకం శంకించింది. ఆ శంక బిడ్డల పెళ్లిళ్లకు అడ్డు రాకూడదన్న జాగ్రత్త కూడా నోరు కట్టేసింది. 1986లో స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీల బృందం వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ మౌఖిక చరిత్ర పద్ధతిలో, అంటే అనుభవించినవారి నోటిమాటను నమోదుచేసే పద్ధతిలో, ఆ గొంతులను మొదటిసారి విస్తృతంగా వినిపించింది. అజ్ఞాతవాసపు కష్టాలు పడిన కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ ‘నిర్జన వారధి’ ఆమెకు తొంభై ఏళ్లు దాటాక, 2012లో వెలువడింది.

నమోదైన మాట కూడా ఆగిపోయే చోట చారిత్రక కల్పనకు, అంటే జరిగిన చరిత్రను ఆధారం చేసుకొని పాత్రల లోపలి జీవితాన్ని ఊహించే రచనకు, పని మొదలవుతుంది. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’, ‘మోదుగుపూలు’, ‘జనపదం’ నవలలలో తెలంగాణ జీవితాన్ని వరుసగా చిత్రించి ఆ దారిని బలంగా వేశారు. అయినా పోరాటం నుంచి ఇంటికి వచ్చి, ఏమీ జరగనట్టే బతికిన స్త్రీకి తెలుగు నవలలో దక్కవలసినంత చోటు ఇంకా దక్కలేదు. ఆమెను తుపాకి పట్టిన వీరనారిగా మాత్రమే చూపితే, బిడ్డను ఇతరుల చేతుల్లో పెట్టి వెళ్లిన తల్లి దుఃఖం, తోటివారి నుంచే ఎదురైన చిన్నచూపు మరోసారి మరుగున పడతాయి. తేదీలలో, ఘటనలలో ఆధారాలకు కట్టుబడి, మనసుల విషయంలో మాత్రమే ఊహకు చోటిచ్చే రచయితే ఆ మౌనానికి న్యాయం చేయగలడు.

మల్లు స్వరాజ్యం 2022 మార్చిలో కన్నుమూశారు. ఆ తరంలో మిగిలినవారు బహు కొద్దిమంది. యువ రచయితలు ముందుగా అందుబాటులో ఉన్న ఆధారాలను శ్రద్ధగా చదవాలి, తర్వాత తమ ఇళ్లలోని వృద్ధ స్త్రీల దగ్గర కూర్చొని వినాలి, చెప్పడానికి ఇష్టపడనివారి ఇష్టాన్ని గౌరవించాలి. నవల రాయడానికి తర్వాతైనా వ్యవధి ఉంటుంది. వినడానికి మాత్రం ఇదే సమయం.