డప్పును గుమ్మం దగ్గర ఆపడం న్యాయమా?



ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి. పాటల మీద రాగం పేరు, తాళం పేరు అచ్చయి ఉంటాయి. వాటిలో ఎన్నో పాటలు వ్రాసినవారు పురుషోత్తమ చౌదరిగారు. ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొందారు. అంటే ముప్పై ఏళ్లు వేరే భక్తిలో ఉన్నవారు. ఆ రాగాలు, తాళాలు సంఘంలో పుట్టినవి కావు. ఆయన పాత పూజలు విడిచారు గానీ పాటను విడువలేదు. సేవకుడై ఆ పాటతోనే సువార్త చెప్పారు. 1890లో ప్రభువునందు నిద్రించినా, ఆయన కీర్తనలు నేటికీ మన ఊళ్లలో వినబడుతున్నాయి.

మహారాష్ట్రలో నారాయణ వామన తిలక్‌గారు కూడా అంతే. 1895లో బాప్తిస్మం పొందిన ఈ మరాఠీ కవి, తుకారాం పాడిన అభంగాల పద్ధతిలోనే యేసును కీర్తించారు.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. పల్లెల్లో డప్పు కొట్టే యౌవనస్థుడు రక్షణలోనికి వస్తే, "అది లోకసంబంధమైనది, ఇక ముట్టకు" అని పెద్దలు చెబుతారు. పట్నం నుంచి తెచ్చిన కీబోర్డుకు మాత్రం ఆ ప్రశ్న రాదు. బ్రాహ్మణ పండితుని రాగతాళాలు పుస్తకంలో అచ్చయ్యాయి, మాదిగపేట డప్పు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఇది భక్తి వల్లనా, కులం వల్లనా? మనలను మనమే పరీక్షించుకోవాలి.

నిర్గమకాండము చదవండి. ఐగుప్తు నుండి తెచ్చిన బంగారంలోనుండే 32వ అధ్యాయంలో దూడను చేశారు. 35వ అధ్యాయంలో అదే జనులు ప్రత్యక్ష గుడారం కోసం బంగారం తెచ్చి ఇచ్చారు. తప్పు బంగారంలో లేదు. అది ఎవరి కొరకు అన్నదే ప్రశ్న.

అయితే ఒక మాట మరువకూడదు. డప్పును తామే విడిచిపెట్టిన పెద్దలు మనలో ఉన్నారు. చావుకు, జాతరకు ఊరు పిలిస్తే వెళ్లి తీరాలి, వెట్టిగా కొట్టాలి. ఆ అవమానం వద్దనుకుని వారు దానిని కింద పెట్టారు. ఆ నిర్ణయాన్ని గౌరవించాలి. వారిని మళ్లీ పట్టుకోమనే హక్కు ఎవరికీ లేదు. కాని ఒకరి ఆజ్ఞకు కొట్టడం వేరు, ఇష్టపూర్వకంగా ప్రభువుకు అర్పించడం వేరు. అర్పిస్తానన్న బిడ్డను ఆపే హక్కు కూడా మనకు లేదు.

కాబట్టి సంఘ పెద్దలారా, బాప్తిస్మానికి వచ్చిన వానిని "ఏమి విడిచావు?" అని అడగండి, అది అవసరమే. "నీ చేతిలో ఏముంది?" అని కూడా అడగండి. దేవుడు మోషేను అడిగినది ఆ ప్రశ్నే. ఆ చేతిలో ఉన్నది గొర్రెల కాపరి కర్రే గదా!

మన బిడ్డల చేతిలో ఉన్నదానిని ప్రభువు తన మహిమ కొరకు వాడుకొనును గాక. ఆమేన్.